ఫ్లెక్సీ సంజీవని

అవతారిక. వినాయక చవితి నవరాత్రుల్లో ఆరోనాడు, కాకినాడలో మా వీధి పందిరి ముందు, పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు గల ఫ్లెక్సీ ఒకటి వెలసింది. సీసానికి ఎత్తుగీతి కలిపినా ఇన్ని అడుగులు రావు. ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక, ఇంతటి కృతికి వ్యాఖ్య లేకుండా పోతే ముందుతరాలు ఏమైపోతాయోనని బెంగపెట్టుకుని పూనుకున్నాను. మన మెతుకుసీమవాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మొదటిది నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది నా వల్ల కాదు.

మూలము. ‘మహా అన్నసమారాధన మహోత్సవము. భక్తమహాశయులు విరివిగా విచ్చేసి, అన్నప్రసాదమును స్వీకరించి, కార్యక్రమమును జయప్రదము చేయ ప్రార్థన. ఇట్లు, మీ శ్రేయోభిలాషులు.’

ప్రతిపదార్థము. మహా: స్పష్టము.

అన్నసమారాధన: అన్నముతో సమారాధన అని విగ్రహవాక్యం చెబితే తృతీయా తత్పురుషం, దోషం లేదు. అయితే ఫ్లెక్సీ అంతా వెదికినా అన్నం మెతుకు ఒక్కటి కనబడదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, నిలువెత్తున ఒక అన్న కనబడతాడు. చుట్టూ గుండ్రటి చట్రాల్లో తమ్ముళ్లు, నలభై ఒక్కమంది. లెక్కపెట్టాను. వినాయకుడు కుడివైపు మూల, తపాలాబిళ్లంత ఉన్నాడు. కాబట్టి ‘అన్నకు సమారాధన’ అన్నదే కవిహృదయమని తేలుతోంది. తెలుగు ‘అన్న’ను సంస్కృత ‘సమారాధన’తో అతికిస్తే వైరి సమాసం, లాక్షణికులు ఒప్పుకోరు. పక్కవీధి అన్న కూడా ఒప్పుకోలేదు. మర్నాటికి ఆయన ఫ్లెక్సీ పదహారడుగులైంది.

భక్తమహాశయులు, విరివిగా, విచ్చేసి: ఇవన్నీ స్పష్టము.

అన్నప్రసాదమును: ఈ ఒక్క మాట దగ్గర మూలకారుడు మౌనం వహించాడు. ఏం వండారో చెప్పలేదు. కనుక ఇక్కడ వ్యాఖ్యాత విస్తరి వేయక తప్పదు.

పులిహోర, సాంబారు అన్నం, పెరుగన్నం. ఆరువందల మందికి. నాకు అప్పగించిన పని కరివేపాకు దూయడం. తెల్లవారుజామున నాలుగున్నరకి గాడిపొయ్యికి ఎడంగా పీట వేసుకుని కూర్చున్నాను. ముందు గోనెపట్టా, దాని మీద మంచుతడి ఆరని రెమ్మల కుప్ప. ఒక్కో ఆకూ గిల్లుతుంటే వంట మేస్త్రి కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు. “మేస్టారూ, అలాగైతే రేపటిక్కూడా అవ్వదండి. కొస పట్టుకుని మొదలువేపుకి ఒక్క దూపు దూసెయ్యండి.” దూశాను. సర్రుమని ఒకే చప్పుడు, గుప్పెడు ఆకు, చేతిలో ఖాళీ ఈనె. ముప్ఫై ఏళ్లు సంధులు విడదీసినా ఇంత సుఖం ఎరగను.

సంధి అంటే గుర్తొచ్చింది. వేప, ఆకు కలిస్తే వేపాకు, అత్వసంధి. కరి అంటే నలుపు. నల్ల వేపాకు అన్నమాట. కరి అంటే ఏనుగు కూడా కదా అని, పందిట్లో ఉన్నాయన ముఖం చూసి ఎవరైనా శ్లేష కడితే అది వారి ఇష్టం.

కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగీ అనే మాట ఒకటుంది. అది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడి పేరు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ శిష్యుడు. 1768లో డేనిష్ వాళ్ల తరంగంబాడికి వచ్చి, మందులిస్తూ, మిగిలిన పొద్దంతా మొక్కలు ఏరుకుంటూ తిరిగాడు. గురువుగారు శిష్యుడి పేరును కరివేపాకుకి పెట్టాడు. ఆ కోనిగ్ 1785లో చనిపోయింది ఎక్కడనుకున్నారు? మా జగన్నాథపురంలో. ఉప్పుటేరు వంతెన దాటితే చాలు. ప్రతి పోపులోనూ చిటపటలాడే పేరు గలవాడు మా ఊళ్లోనే కన్నుమూశాడని మా ఊరికే తెలియదు. ఆయనకు ఫ్లెక్సీ లేదు. మనం అన్నం తిన్నంతసేపు తిని ఆకుని విస్తరి అంచున పెడతాం. పని తీరాక పక్కన పెట్టేసిన మనిషిని కూరలో కరివేపాకు అంటాం. ఆ మాట పుట్టించినవాడు దాన్ని నమిలి చూసి ఉండడు.

మా మేస్త్రి పద్ధతి చెప్పకుండా ముందుకు పోలేను. వేడి అన్నం గుడ్డ మీద ఆరబోసి, పసుపూ నూనే వేసి, పైన దోసిళ్లకొద్దీ పచ్చి కరివేపాకు చల్లి, మళ్లీ అన్నంతోనే కప్పేశాడు. ఆ ఆవిరికే ఆకు మగ్గింది. కాసేపాగి తెడ్డుతో తిరగేసేసరికి వీధి చివర పాలబ్బాయి సైకిలు దిగి నిలబడ్డాడు. చింతపండు పులుసూ పోపూ పడింది ఆ తర్వాతే. కొత్తిమీర కాడలు పారేయబోతే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. కాడలు సాంబారు మరిగేటప్పుడు, ఆకు గుండిగ దించాక. ఇంత లోతైన పౌర్వాపర్య నిర్ణయం నాకు ఏ మీమాంసకుడూ చెప్పలేదు.

ఇంతకీ వ్యాఖ్య ఎక్కడ ఆగింది?

జయప్రదము చేయ: జయము నిచ్చునట్లు చేయుటకు. ఆకలితో వచ్చినవాడు తిని వెళ్తే ఎవరి మీద జయం? ఓడింది ఎవరు? ఆకలి అని సమాధానం చెప్పవచ్చు. కానీ పదకొండున్నరకి వడ్డన మొదలవ్వాల్సి ఉండగా, అన్న రావాలని ఆపేశారు. పన్నెండుంబావుకి వచ్చాడు. గరిటె పట్టుకున్నాడు. మొదటి ముద్ద వరసలో ముందున్న ఆడమనిషి పళ్లెంలో పడబోతుండగా, ఫొటో సరిగ్గా రాలేదని గరిటె వెనక్కి తీసుకోమన్నారు. మళ్లీ వడ్డించాడు. మళ్లీ తీసుకోమన్నారు. ఆమె పక్కనే అపార్టుమెంటు కట్టడంలో ఇటుకలు మోసే మనిషి. చంకలో పిల్లాడు. గంట భోజనం సెలవులో ముప్పావుగంట నిలబడటానికే పోయింది. “ముద్ద ఎయ్యండి బాబూ, పనిలోకెళ్లిపోవాలి” అంది. దీనికి టీక అక్కర్లేదు. దించాక వేసిన కొత్తిమీర అప్పటికి గుండిగలో నల్లబడిపోయింది.

మరో వ్యాఖ్యానసంప్రదాయం కూడా ఉంది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి వైపు నడిరేయి చెవి పెడితే వినబడే మాటలను కృష్ణదేవరాయలు రికార్డు చేశాడు. కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, అప్పాలు లేవు, అన్నం కూడా అంత గొప్పగా కుదరలేదు, దయచేసి భోంచెయ్యండి అని ఆ ఇంటాయన అతిథుల్ని బతిమాలుకుంటాడు. వానాకాలమైతే కొబ్బరి పెంకులు మండించి మరీ వండించి పెట్టిన మనిషి. ‘మహా’ అనలేదు. ఆకలన్నవారికల్లా అన్నం పెడుతూ 1909 దాకా బతికిన మా గోదావరి డొక్కా సీతమ్మగారైతే, రాజుగారి పట్టాభిషేకం కోసం ఫొటో తీస్తామని దొరలు వస్తే వద్దందని, కలెక్టరు ప్రాధేయపడితే గానీ ఒప్పుకోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. లంకల గన్నవరంలో ఆవిడ కోసం ఎవరినీ వరసలో నిలబెట్టిన దాఖలాలైతే నేను వినలేదు.

ఇట్లు: స్పష్టము. మీ: స్పష్టము కాదు, ఐనా వదిలేస్తున్నాను. శ్రేయోభిలాషులు: నలభై ఒక్కమంది. ఆకు దూయడానికి వచ్చినవాళ్లు ముగ్గురు.

తాత్పర్యము. అన్నం పెడుతున్నాం, రండి.

విశేషాంశము. నవరాత్రులు అయ్యాక ఫ్లెక్సీని ఎవరూ పట్టించుకోలేదు. నేనే విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. మళ్లీ ఆకు దూయడానికి వెళ్లినప్పుడు మిగిలిన కరివేపాకు తెచ్చి, వసారాలో నీడపట్టున దాని మీదే ఆరబెడుతున్నాను, పొడి కొట్టించుకుందామని. బొమ్మ వైపు కిందికి.