మీకు చేతకాదంటే ఒప్పుకోను

కాలేజీ పెద్దలారా, నేను నూజెండ్ల మండలం వాణ్ణి. పదో తరగతో ఇంటరో గట్టెక్కాక మా పిల్లలు వినుకొండకో, అక్కణ్ణుంచి రైలెక్కి నరసరావుపేటకో గుంటూరుకో మీ దగ్గరికే వస్తారు. మేం మిరపకాయలు అమ్మిన డబ్బు చేరేదీ మీ ఫీజు కౌంటర్‌కే. మీరెంత పనిమంతులో ఎరిగినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను: చూపు లేని, వినికిడి లేని, నడవలేని పిల్లలకు కంప్యూటర్ చదువు, ఆన్‌లైన్ క్లాసు అందేట్టు చేయడం మీ వల్ల కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీ తరఫున నిలబడి వాదిస్తాను.

మొదటి సాక్ష్యం 2020. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. నల్లబల్ల, సుద్దముక్క తప్ప మరొకటి ముట్టని మాస్టార్లు కొద్ది వారాల్లోనే జూమ్, గూగుల్ మీట్ పట్టేశారు. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో లింకు పడేది. హాజరు గూగుల్ ఫారంలో. మా పిల్లలు సిగ్నల్ దొరికిన చోటల్లా, చేను గట్టు మీదా మేడ మీదా కూచుని విన్నారు. వాళ్లలో కాళ్లు సరిగా లేని పిల్లలూ ఉన్నారు. మూడో అంతస్తులో క్లాసంటే స్నేహితుల భుజాలు పట్టుకుని ఎక్కాల్సిన వాళ్లు ఆ కొన్ని నెలలు ఎవరి సాయమూ అడక్కుండా పాఠం విన్నారు. ఆ ఘనత మీదే. కాలేజీలు తెరిచారు, లింకు ఆగిపోయింది. క్లాసు మళ్లీ మూడో అంతస్తులోనే. తలుపు తీయడం వచ్చినవాళ్లకు తీసి ఉంచడం రాదని నేనెలా అనుకుంటాను?

రెండో సాక్ష్యం మీ ఆఫీసులో తెలుగు టైపు చేసే గుమాస్తా గారు. అను ఫాంట్‌లో ఒత్తులూ గుణింతాలూ ఆయన వేళ్ల నుంచి రాలిపడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. నోటీసు ప్రింటు తీస్తారు, ప్రిన్సిపాల్ గారి సంతకం, కింద గుండ్రటి ముద్ర, తర్వాత స్కాన్ చేసి పీడీఎఫ్‌గా గ్రూపులో పెడతారు. కళ్లున్నవాడికి అందులో ఒక్క లోపమూ కనిపించదు.

ఇప్పుడు అదే నోటీసు మా మండలం అమ్మాయి ఫోన్‌లో ఎలా ఉంటుందో వినండి. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు, బీఏ చదువుతోంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది పైకి చదువుతుంది. ఆమె వేలు పెడుతుంది. ఫైలు పేరు వినిపిస్తుంది. తెరుస్తుంది. వేలు పైనుంచి కిందికి మెల్లగా జరుపుతుంది. ఏమీ వినపడదు. ఎందుకంటే స్కాన్ చేసిన కాగితం ఫోన్‌కు ఒక ఫోటో, అందులో అక్షరాలు లేవు. పోనీ స్కాన్ చేయకుండా అసలు ఫైలే పంపారనుకోండి. పాత అను ఫాంట్ తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో దాచుకుంటుంది. ఫోన్ ఆ గుర్తుల్నే చదువుతుంది, తెలుగు రాదు. హాస్టల్లో ఉన్న స్నేహితురాలు ఆ నోటీసు చదివి వాయిస్ మెసేజ్ పెడితే గానీ పరీక్ష ఫీజుకు చివరి తేదీ ఏదో ఈమెకు తెలియదు. స్నేహితురాలికి తీరిక దొరికినప్పుడే తెలుస్తుంది.

ఇంత అందంగా టైపు చేసే మనిషి, తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచుకునే యూనికోడ్‌లో టైపు చేయలేరా? యూనికోడ్‌లో కొట్టి, నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే చాలు, ఫోన్ చదివేస్తుంది. సంతకం కావాలంటే బొమ్మగా అతికించవచ్చు. ప్రింటు తీయడం, స్కాన్ చేయడం రెండూ తప్పుతాయి కాబట్టి ఆఫీసుకూ పని తగ్గుతుంది.

మీ మాస్టార్ల పాఠం గురించి కూడా రెండు మాటలు. బోర్డు దగ్గర నిలబడి చెబితే పిల్లలు చెవులు అప్పగించి వింటారు. ఆన్‌లైన్‌లో అదే మాస్టారు స్లైడ్ పంచుకుని, "ఇదిగో ఇది చూడండి, ఇక్కణ్ణుంచి అక్కడికి పోతుంది" అంటారు. పంచుకున్న తెర చూపులేని విద్యార్థి ఫోన్‌కు కదిలే బొమ్మే, చదవదగ్గది అందులో ఏమీ ఉండదు. "ఇది" అన్నచోట దాని పేరు చెబితే, స్లైడ్లు ముందురోజే పంపిస్తే ఆ పిల్ల అందరితో సమానంగా క్లాసులో కూచుంటుంది. వినపడని కుర్రాడికైతే మాస్టారి ముఖం కావాలి, పెదాలు కనిపించాలి, కెమెరా ఆన్‌లో ఉండాలి. జూమ్ ఉచిత ఖాతాల్లోనూ 2021 నుంచి ఆటోమేటిక్ క్యాప్షన్లు వస్తున్నాయి. మనం కలిపి మాట్లాడే తెలుగూ ఇంగ్లీషూ దగ్గర అవి తడబడతాయి, నిజమే. అందుకే క్లాసు కాగానే రాతలో నోట్సు కూడా ఇవ్వాలి.

మూడో సాక్ష్యం మీరే రాసుకున్న కాగితం. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లకు పంపే నివేదికలో దివ్యాంగులకు మీరు కల్పించిన సదుపాయాల గురించి ఒక అంశం ఉంటుంది: ర్యాంపు, లిఫ్టు, అందుబాటులో ఉండే వెబ్‌సైటు, స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్, పాఠ్యాంశాల సాఫ్ట్ కాపీలు. వీటికి జియోట్యాగ్ ఫోటోలతో సహా ఆధారాలు పెట్టడంలో మీ అంత శ్రద్ధ గలవాళ్లు లేరు. ఏమేం కావాలో మీకు వరస తప్పకుండా తెలుసు. వాటిలో స్క్రీన్ రీడర్ అంటే కంప్యూటర్ తెర మీదున్నది పైకి చదివేది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఉచితం. మీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌లో వేయడానికి నిమిషాలు చాలు. ఫోటో తీసిన ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగకుండా అన్నిట్లోనూ వేయండి.

అడ్మిషన్ల వేళ మీ జాగ్రత్త కూడా చూశాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అడుగుతారు, శాతం ఎంతో రాసుకుంటారు. కానీ ఆ సర్టిఫికెట్ తెచ్చిన పిల్ల చదివేది ఫోన్‌తోనా, పెద్దక్షరాలతోనా, బ్రెయిలీతోనా అని అడిగే గడి నేను చూసిన ఏ దరఖాస్తులోనూ లేదు. మొదటి రోజే ఆ ఒక్క ప్రశ్న అడిగితే మిగతా మూడేళ్లలో చాలా ఇబ్బంది తప్పుతుంది.

చట్టం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు ఇవ్వమంది. ఎలక్ట్రానిక్ సమాచారమంతా అందుబాటు రూపంలో ఉండేలా చూడమంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుంచిన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లే. 2025 ఏప్రిల్ 30న అదే కోర్టు, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది.

మీ వేదికల మీద బొల్లా శ్రీకాంత్ పేరు గౌరవంగా చెబుతారు, చెప్పాల్సిందే. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టి, పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకెక్కి సాధించి, ఎంఐటీలో చదివి, బొల్లాంట్ కంపెనీ పెట్టాడు. ఆయన పట్టుదల గొప్పది. అయితే ఆ కథలో పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చి ఇచ్చిన ఒక టీచర్ కూడా ఉన్నారు. శ్రీకాంత్ కావడం మా పిల్లల వంతు. ఆ టీచర్ కావడం మీ వంతు, అది కోర్టు దాకా వెళ్లకుండానే చేయవచ్చు.

ఐదో సెమిస్టర్ ఫీజు నోటీసు ఇంకా మీ ఆఫీసు దాటి రాలేదు. గుమాస్తా గారు ఈసారి దాన్ని యూనికోడ్‌లో కొట్టి, స్కానర్ దాకా వెళ్లకుండా నేరుగా గ్రూపులో పెట్టేలా ఒక్క మాట చెప్పండి. ఆ అమ్మాయి కూడా అదే గ్రూపులో ఉంది.