లాగ్‌బుక్‌లో నీతి

మన కాబోయే డాక్టర్లకు నీతినియమాలు పట్టవని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కావాలంటే లాగ్‌బుక్ తెరిచి చూడండి. పేజీపేజీకీ సంతకం, సంతకం కింద ముద్ర. 2019లో ఎంబీబీఎస్ చదువు మారినప్పుడు 'ఏటీకామ్' అని ఒక పాఠం చేర్చారు. రోగితో ఎట్లా మాట్లాడాలి, గుట్టు ఎట్లా కాపాడాలి, ఒప్పుదల ఎట్లా తీసుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. చివర్న తమకు కలిగిన ఆలోచనలు కూడా రాయాలి. కలుగుతాయండీ, సీనియర్ రికార్డు చేతికందగానే కలుగుతాయి! ఏటేటా అవే ఆలోచనలు, అదే వరుసలో. ఇంత నిలకడ రుషులకైనా ఉందా?

2022 నవంబర్‌లో మంచిర్యాలకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చినప్పుడు అదే జిల్లాలోని లక్సెట్టిపేట సంబరపడింది. పడాల్సిందే. అదే ఏడాది మదురై మెడికల్ కాలేజీలో పిల్లలతో హిపోక్రటీస్ ప్రమాణానికి బదులు చరక ప్రమాణం చేయించినందుకు డీన్‌ను పదవి నుంచి తప్పించారు. హిపోక్రటీసా, చరకుడా అని పెద్దలు కొట్లాడుకున్నారు. ఎవరి పేరన ప్రమాణం చేసినా, ఆ తర్వాత రాసే మందుల చీటీ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ చీటీ చూడండి. మొదటక్షరం ఒకటి కనబడుతుంది, తర్వాత ఒక గీత, గీత చివర కొక్కెం. లక్సెట్టిపేట బస్టాండులో దిగిన అవ్వ దాన్ని నాలుగు షాపుల్లో చూపిస్తే నలుగురూ నాలుగు గోలీలు తీస్తారు. దవాఖాన మెట్ల కింది షాపాయన మాత్రం చూడకుండానే చదివేస్తాడు. మందు అసలు పేరు, అర్థమయ్యేటట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే నియమం పెట్టారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మన పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాస్తారు.

మందుల కంపెనీల కానుకలు డాక్టర్లు ముట్టొద్దన్నది 2009 నాటి మాట. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వొద్దు, పుచ్చుకోవద్దు అన్నది 2002 నుంచే ఉంది. ఊరి ఆర్ఎంపీకి పట్నం దవాఖాన నుంచి ఎంత ముడుతుందో మన దగ్గర చాయ్ హోటల్లో కూడా చెప్తారు. సారు పక్కన నిలబడి ఇదంతా చూసే మెడికల్ పిల్లగాడు పుస్తకాన్ని నమ్ముతాడా, సారును నమ్ముతాడా? సార్ల హాజరు సంగతి వేరే. తనిఖీలప్పుడు లేని ప్రొఫెసర్లను ఉన్నట్టు చూపారని 2025లో సీబీఐ కేసే పెట్టింది. నీతి పాఠానికి గురువే దొంగ హాజరైతే శిష్యుణ్ని ఏమనగలం?

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చింది. జనరిక్ పేర్లు రాయకుంటే శిక్ష అన్నది. డాక్టర్ల సంఘాలు గయ్యిమన్నాయి. 23న దాన్ని పక్కన పెట్టారు. మూడు వారాల ముచ్చట. మళ్లీ పాత 2002 నియమాలే దిక్కయ్యాయి.

వాటిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఈసారి దవాఖానకు పోతే కాగితం మీద రాసి అడగండి. పక్కన తెల్లకోటు పిల్లలు ఉన్నప్పుడే అడగండి, వాళ్లకూ ఒక పాఠం అవుతుంది.