ఓడకు తేదీ లేదు, బామ్మర్దికి లీవు లేదు

బీరంగూడ నుంచి సముద్రం ఎటు పోయినా ఒక రాత్రి బస్సు దూరం. మాకు తెలిసిన జల రవాణా అంతా ట్యాంకర్లదే. ఎండాకాలంలో కమాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ మొత్తం బాల్కనీల్లో నిలబడి చూస్తుంటే, ఇదేదో రేవు పట్టణమనీ, ఓడ వస్తోందనీ కొత్తవాళ్లు పొరబడాలి. అలాంటి వాళ్లం అండమాన్‌కు పోయి, దీవి నుంచి దీవికి పడవల మీద తిరగాలని తీర్మానించాం. నికోబార్‌తో కలిపి మొత్తం దీవులు 836 అని మా పిల్ల చదివి చెప్పింది. "అన్నీ చూడాల్నా?" అని మా మామ గాభరా పడ్డాడు. మనుషులుండేవి ముప్పై చిల్లరే అనేసరికి ఊపిరి పీల్చుకున్నాడు.

మొదటి తగువు, పోవడం ఎట్లా అని. శంషాబాద్‌లో విమానమెక్కితే రెండు మూడు గంటల్లో దిగొచ్చు. కానీ పడవ యాత్రకు విమానంలో పోవడం మా బామ్మర్దికి నామోషీ. "ఓడలనే పోవాలె బావా. ఇశాఖపట్నంల ఎక్కుడు, దీవుల దిగుడు, గంతే" అన్నాడు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1200 కిలోమీటర్లు, రెండు రోజుల పైచిలుకు ప్రయాణం. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఆ ఓడ నెలకు ఒక్కసారో ఏమో కదులుతుంది, ఆ తేదీ కూడా చాలా ముందుగా తెలియదు. బామ్మర్దిది పటాన్‌చెరు పక్కన మందుల కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. లీవు కావాలంటే నెల ముందు కాగితం పెట్టాలి, ఆ కాగితంలో తేదీ రాయాలి. ఓడకు తేదీ తెలియదు, తేదీ లేనిదే లీవు రాదు, లీవు లేనిదే టికెట్ కొనలేం. బంగాళాఖాతాన్ని ఇంతవరకు ఎన్నో తుఫానులు అల్లకల్లోలం చేశాయి గానీ, రాత్రి సి షిఫ్ట్ లాగా ఎవ్వరినీ దాటనివ్వకుండా అడ్డం నిలబడింది ఏదీ లేదు.

మా కింది ఫ్లోర్‌లో శ్రీకాకుళం ఆయన ఉన్నాడు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ప్రతి మెట్ల వరసకూ ఒక జిల్లా ఉంటుంది. సలహా కోసం పోతే ఆయన ప్రయాణం సంగతి వదిలేసి మమ్మల్నే పరీక్షగా చూశాడు. "పడవ ఊగితే భయపడతారేటి? ఊగకపోతే కదా భయపడాల!" అన్నాడు. వాళ్ల వైపు వాళ్లు చాలామంది అక్కడే స్థిరపడ్డారట. నమ్మదగ్గ మాటే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఇది విన్నాక మా అత్త ముఖం వెలిగింది. "అట్లయితే అక్కడ మామిడికాయ తొక్కు దొరుకుతది, ఒక్క డబ్బా తగ్గిద్దాం బిడ్డా" అంది. డబ్బాలు తగ్గలేదు. తెలుగువాళ్లుంటే వాళ్లకూ పెట్టాలి గదా అని ఇంకొకటి పెరిగింది.

మామకు తిండి దగ్గర ఒకటే షరతు: అక్కడ కొర్రమట్ట దొరకాలి. అది చెరువు చేప అనీ, మన రాష్ట్ర చేప అనీ, ఉప్పునీళ్లలో ఉండదనీ ఎంత చెప్పినా ఒప్పుకోడు. "గంత పెద్ద సముద్రంల ఒక్క కొర్రమట్ట లేదా?" అని సముద్రాన్నే తక్కువ చేసి మాట్లాడాడు.

రూటు వేయడానికి కూర్చున్నాం. శ్రీ విజయపురంలో సెల్యులార్ జైలు చూసి, ఫెర్రీ ఎక్కి హావ్‌లాక్, అక్కడి నుంచి నీల్, మళ్లీ వెనక్కి. వీటికి 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. మా ఇంట్లో పాత పేర్లవాళ్లు, కొత్త పేర్లవాళ్లు రెండు జట్లయి, నాలుగు దీవులు చూస్తున్నామని కాసేపు సంబరపడ్డారు. దేశంలో మండుతున్న అగ్నిపర్వతం ఒక్కటే, అదీ బారెన్ దీవిలోనే ఉంది. దాని మీద సెల్ఫీ దిగాలని పిల్లల పంతం. దిగనివ్వరని తెలిసి అలిగారు. నికోబార్‌కు టూరిస్టులను మామూలుగా రానివ్వరు. ఆదివాసులుండే ఉత్తర సెంటినెల్ దీవి దరిదాపులకు పోవడం చట్టరీత్యా నేరం. "బయటోళ్లను రానియ్యకుండా ఉన్నోళ్లు గాళ్లొక్కళ్లే, తెలివిగలోళ్లు" అంది అత్త. ఆ ఆదివారం మా ఇంటికి పదకొండు మంది చుట్టాలొచ్చి ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ దీవులు తూర్పున ఎంతో దూరం ఉన్నా గడియారం మనదే. చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే చీకటి. పొద్దున అయిదున్నరకల్లా వెలుగు. ఆరింటికి ఎ షిఫ్ట్ కార్డు కొట్టే నాకు ఇంతకన్నా తగిన ఊరు లేదు. మధ్యాహ్నం పన్నెండుకు లేచే బామ్మర్దికి మాత్రం అక్కడ సగం పగలు దక్కదు. ఈ ముక్క నేను కావాలనే వాడికి చెప్పలేదు.

చివరికి మా ఆవిడ లెక్క తేల్చింది. "దీవులే గావాల్నంటే సంగారెడ్డి పక్కన మంజీరల తొమ్మిది లేవా? 1978 సంది అభయారణ్యం. మొసళ్లు గూడ ఉన్నయ్, సముద్రం కన్న ఏం తక్కువ?" తక్కువేమీ లేదు. ఆ నీళ్లే హైదరాబాద్ తాగుతుంది. ఇంటి వెనకాల అమీన్‌పూర్ చెరువు 2016 నుంచి జీవవైవిధ్య వారసత్వ స్థలం, పక్షులు చూడ్డానికి దూరదూరాల నుంచి వస్తారు. మేమే పోలేదు. బైక్ మీద పది నిమిషాలయ్యే చోటుకు పథకం అక్కర్లేదు, అందుకే మాకది రుచించదు.

అయినా అండమాన్ యాత్ర రద్దు కాలేదు. తొక్కు డబ్బాలు అటక మీద సిద్ధంగా ఉన్నాయి. విశాఖ ఓడ తేదీ మీలో ఎవరికైనా నెల ముందు తెలిస్తే దయచేసి ఒక్క మాట చెప్పండి. ఆ వారం మా బామ్మర్దికి సి షిఫ్ట్ పడితే మాత్రం ఆ తేదీ మీ దగ్గరే ఉంచుకోండి.