సారు చేయించిన స్టాండు

పాటల పెట్టె కన్నా దాని కింది స్టాండుకు ఎక్కువ డబ్బు తగలేసినవాణ్ణి జగిత్యాలలో నేనొక్కణ్ణే కాకపోవచ్చు. రసీదులతో సహా భార్యకు దొరికిపోయింది మాత్రం నేనే అయ్యుంటాను. సర్కారు బడిలో ఫిజిక్సు చెప్తాను. ఇంటికి ఏ అక్కర్లేని వస్తువు తెచ్చినా దానికో సూత్రం చూపించుకోగలగడం ఈ ఉద్యోగంలో ఉన్న వెసులుబాటు. రికార్డులు ఆడే టర్న్‌టేబుల్, ఒక ఆంప్లిఫయరు, రెండు చిన్న స్పీకర్లు, అన్నీ సెకండ్‌హ్యాండువే, తెచ్చిన నాడు మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. టీవీ పక్కన ఖాళీ చూపించి, "గక్కడ పెట్టుండ్రి" అన్నది. పెట్టేసి ఉంటే ఈ కథ లేదు.

రికార్డు మీది గాడి తలవెంట్రుక కన్నా సన్నం. ఆ గాడి గోడల మీది వంపుల్లో కొన్ని మైక్రాను కూడా ఉండవు. సూది వాటిని తడుముకుంటూ పోతుంది. ఆ కదలికే కరెంటయి, పెరిగి పెరిగి పాటవుతుంది. ఏది ఘంటసాల కదలికో, ఏది మా చిన్నోడు హాల్లో ఎగిరిన కదలికో సూదికి తెలియదు. రెంటినీ సమాన గౌరవంతో పైకి పంపిస్తుంది. స్పీకరు మోతకు బల్ల అదిరితే, ఆ అదురు సూదికెక్కి, మళ్లీ స్పీకరులోంచే బయటికొచ్చి, ముదిరితే ఊళ అవుతుంది. ఆంప్లిఫయరును టర్న్‌టేబుల్‌కు ఆనించి పెడితే దాని ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమనడం పాటలో కలుస్తుంది. పోనీ మూసిన అరలో పెడదామంటే, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు మాది. పైన జానెడు గాలి లేకపోతే అది ఉడికిపోతుంది. ఇవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు చేతికి దొరికిన మనిషిని ఆపడం కష్టం.

ముందు వడ్లాయన దగ్గరికి పోయాను. బరువుండాలి, ఊగకూడదు, వెనక వైర్లకు సందుండాలి, అరకూ అరకూ మధ్య ఇంత ఎత్తు అంటూ గ్రాఫు కాయితం మీద గీసిన బొమ్మ ఇచ్చాను. ఆయన దాన్ని ఒకసారి తిప్పి, మళ్లీ తిప్పి చూసి, "సారూ, దీనికి బర్రెను కట్టేస్తరా?" అని అడిగాడు. నేను కంపనాల గురించి చెప్పాను. ఆయన టేకు ధర చెప్పాడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

స్టాండు వచ్చింది. దాని మీదికి బండ కావాలనిపించింది. మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా గుట్టల్లోని ట్యాన్ బ్రౌన్ గ్రానైటు కాకినాడ రేవులో ఓడలెక్కి చైనాకు పోతుంటే, ఇక్కడే కాపురమున్న నా టర్న్‌టేబుల్ చెక్క మీద కూచోవడమా? గ్రానైటు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 2.7 గ్రాములు. 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 2 మందం వేసుకుంటే ఎనిమిదిన్నర కిలోలు. లెక్క చూపించి, బండ ఎంత బరువైతే చిన్న అదురు దాన్ని అంత తక్కువ కదిలిస్తుందని మా ఆవిడకు వివరించాను. "మరి కింద మెత్తగ ఏమన్న ఉండొద్దా?" అన్నది. ఉండాలి. బరువు పైన, మెత్తన కింద, అదే అసలు కిటుకు. తొమ్మిదో తరగతిలో సైన్సు వదిలేసిన మనిషికి అది ఎలా తట్టిందో నేనడగలేదు. రబ్బరు ముక్కలు కొనుక్కొచ్చి, నాకే తట్టినట్టు పెట్టాను.

స్పీకర్ల స్టాండ్ల దగ్గర అసలు బాగోతం మొదలైంది. ఇనుప గొట్టం ఉత్తదైతే గంటలా మోగుతుంది. అందులో ఎండిన ఇసుక పోస్తే నోరు మూసుకుంటుంది. సిరిసిల్లలో మా బామ్మర్దికి ఫోన్ చేసి మానేరు ఇసుక కావాలన్నాను. "ఎన్ని ట్రాక్టర్లు బావా?" అన్నాడు. అంగుళాల్లో చెప్తే బాగుండదని సంచుల్లో చెప్పాను. తడి ఇసుక పోస్తే గొట్టం లోపల తుప్పు పడుతుంది కనక, వచ్చిన ఇసుకను జల్లెడ పట్టి మిద్దె మీద వడియాలలాగా ఎండబెట్టాను. వీధిలో వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి, "పై అంతస్తు లేపుతున్నరా సారూ?" అని అడిగి పోయారు. కాదని చెప్తే, లోను రాలేదనుకున్నారు.

స్టాండ్ల కాళ్లకు వెల్డింగాయన చేత మొనలు పెట్టించాను. కొత్త టైల్సుకు గీతలు పడతాయని ఇంట్లో గొడవ. మొనల కింద రూపాయి బిళ్లలు పెట్టాను. ప్రపంచమంతటా స్పీకర్ల పిచ్చివాళ్లు చేసే పనే. చిన్నోడికి వాటి అసలు విలువ తెలుసు. ఒక బిళ్ల ఐసుక్రీము బండికి పోయిన మధ్యాహ్నం కుడివైపు స్పీకరు ఎడమవైపు స్పీకరుకు దండం పెడుతున్నట్టు వంగింది.

ఇక ఎత్తు. పై స్వరాలు పలికే చిన్న స్పీకరును ట్వీటరంటారు. దాని మోత టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది గనక అది వినేవాడి చెవికి సూటిగా ఉండాలి. సోఫాలో కూచున్న నా చెవి నేలకు మూడడుగుల పైచిలుకు. ఆ కొలతతోనే గొట్టాలు కోయించాను. కానీ మా ఇంట్లో సోఫాలో కూచునేది చుట్టాలు, నేను. అమ్మ కూచునేది చాప మీద. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు చుట్టుకుంటూ బీడీల కట్టలు కట్టినన్నాళ్లూ ఆమె చెవి రెండున్నర అడుగుల ఎత్తునే ఉంది. రేడియోలో హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమం ఆ ఎత్తునే విన్నది. అంటే నా ట్వీటర్ల సంగీతం ఆమె నెత్తి మీంచి పోతున్నది. కోయించిన గొట్టాన్ని ఎట్లా తగ్గించాలని తల పట్టుకుంటే, "నాకు మంచిగనే వినవడ్తుంది కొడుకా, పక్కింటోళ్లకు గూడ" అన్నది.

కోరుట్ల అంటే ఒక మాట చెప్పుకోవాలి. డెబ్బైల నుంచీ జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు గల్ఫుకు పోతూనే ఉన్నారు. వాళ్లు సెలవుకు వచ్చినప్పుడు సెంటు సీసాలతో, కంబళ్లతో పాటు నేషనల్ పానసోనిక్, సాన్యో టూ-ఇన్-వన్‌లు దిగేవి. మా చిన్నాయన తెచ్చిన దానికి హాల్లో అద్దాల షోకేసు కట్టించారు. బొమ్మల మధ్య, దారంతో అల్లిన ముసుగు కింద, దేవుడి కన్నా కొంచెం పైన ఉండేది. పాట పెట్టాలంటే అద్దం జరపాలి. పెట్టాక దుమ్ము పడుతుందని అద్దం మూసేవాడు. లోపల ఎవరో పాడుతున్నట్టు వినిపించేది. ఈ కథ నేను ఏళ్ల తరబడి స్టాఫ్‌రూములో నవ్వుతూ చెప్పాను.

స్టాండు కుదిరాక మా తోటి టీచర్లు వచ్చారు. గ్రానైటు గురించి చెప్పాను, ఇసుక చెప్పాను, మొనలు వంగి చూపించాను. టీ తాగి వెళ్లిపోయారు. మా ఆవిడ గ్లాసులు తీస్తూ, "ఒక్క పాటన్న పెట్టకపోతిరి" అన్నది. అప్పుడు చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయన అద్దం పెట్టి చూపించుకున్నాడు, నేను సూత్రం పెట్టి చూపించుకున్నాను. ఆయనదే చవక.

తర్వాత బామ్మర్ది వచ్చాడు, తన ఇసుక ఎక్కడికి పోయిందో చూసుకోవడానికి. వాడు సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, పెరిగినవాడు. నిమిషానికి నూరు సార్లు పైగా నాడె అటూ ఇటూ కొట్టుకునే కార్ఖానా పక్క గదిలో చదువుకుని పాసైనవాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక వాళ్ల గోడలు రాత్రిళ్లు కూడా నిద్రపోలేదు. సినారె పాటలున్న పాత రికార్డు పెట్టాను. హనుమాజీపేటలో పుట్టినాయన, వాళ్లవైపు మనిషి, 1962లో గులేబకావళి కథతో సినిమాల్లోకి వెళ్లినాయన అని కొంత మర్యాద చేద్దామని. సగం పాటలో రోడ్డు మీద వడ్ల లారీ పోయింది. సూది గెంతింది.

వాడు అరచెయ్యి నేల మీద పెట్టి చూశాడు, తర్వాత గోడ మీద పెట్టి చూశాడు. "నేలే ఊగుతుంటే దాని మీద బండ పెడితే ఏం లాభం బావా? గోడకు కొట్టియ్యి" అన్నాడు. పుస్తకాల్లో ఉన్న మాటే. నేల అదిరే ఇళ్లలో టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించిన అర మీద పెట్టమంటారు. చదివాను కూడా, గోడకు అర కొడితే స్టాండు ఎందుకని అడుగుతారని ఆ పేజీ తిప్పేశాను. అమ్మ చాప మీంచే, "మన పాతింట్ల రేడియో గోడ గూట్లెనే ఉండె గదరా" అన్నది. మూరెడు మందం మట్టిగోడ, అందులో గూడు. టన్నుల బరువున్న స్టాండు, వడ్లాయన ఖర్చు లేకుండా. ఆ ఇల్లు పడగొట్టించి పిల్లర్లు పోయించింది నేనే.

ఇప్పుడు టర్న్‌టేబుల్ గోడ మీది అర మీద ఉంది. లారీ పోయినా పాట ఆగదు. గ్రానైటు బండ వంటింట్లోకి పోయి చపాతీలు మోస్తున్నది. కింది రబ్బరు ముక్కలు కూడా మా ఆవిడ అడిగి తీసుకుపోయింది. ఇప్పుడు పీట జరగడం లేదట. టేకు స్టాండు అరల్లో పచ్చడి జాడీలు. చుట్టూ గాలి ఆడుతుంది, పైన జానెడు ఖాళీ ఉంది, ఊగదు.

మొన్న వడ్లాయన మళ్లీ వచ్చాడు, టేపు పట్టుకుని. దుబాయి నుంచి దిగిన మా వెనక వీధి ఆయనకు సరిగ్గా ఇలాంటిదే కావాలట, కొలతలు తీసుకుపోతానన్నాడు. ఆయన దగ్గర ఏ సెట్టు ఉందని ఆత్రంగా అడిగాను. ఏ సెట్టూ లేదట. "ఇన్వర్టర్ బ్యాటరీ పెడ్తడంట సార్. గొట్టాలల్ల ఇసుక ఎంత ఎండాలె అని గూడ అడుగుమన్నడు" అన్నాడు. మూడు ఎండలు చాలని చెప్పాను, జల్లెడ కూడా ఇచ్చి పంపాను.