టెస్ట్‌ట్యూబు ఏం చెప్పబోయింది?

తార్నాకలో ఇంగ్లీషు వచ్చినవాడు అద్దెకు దిగితే ఆ కబురు ఇంటి ఓనరుకన్నా ముందు జిరాక్సు సెంటర్లకు తెలుస్తుంది. ఒక పక్క ఉస్మానియా. దాన్ని ఆనుకునే, ఇంగ్లీషు బోధన కోసమని 1958లో పెట్టిన సంస్థ. 1972లో సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ పేరుతో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఇంత ఇంగ్లీషు గోడ పక్కనే ఉన్నా థీసిస్ దిద్దించుకోవడానికి పిల్లలు నా గుమ్మమే ఎక్కుతారు. నేను డబ్బులు తీసుకోను. నా పాండిత్య రహస్యం అదే.

మొన్నొక కెమిస్ట్రీ స్కాలరు మల్కాజ్‌గిరి నుంచి బండి మీద వచ్చాడు. మూసీ నీళ్లలో క్రోమియం మీద అధ్యాయం. పట్టికలూ గ్రాఫులూ బుద్ధిగా నడుస్తున్నాయి. ఉన్నట్టుండి ఒకచోట, శాంపిల్లో డైఫినైల్‌కార్బజైడ్ కలిపాక 'ఆఫ్టర్ ఎ ప్రెగ్నెంట్ పాజ్' ఊదారంగు వచ్చిందట!

"ఇదెక్కడిది నాయనా?"

"నవల్ల చదివిన సార్. మస్తుంది కద!"

మస్తే. కానీ దానికి మనుషులు కావాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి మేనమామ కట్నం మాటెత్తబోతూ గొంతు సవరించుకుంటాడు. కాఫీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఏదో బయటపడబోతోందని అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అదీ ప్రెగ్నెంట్ పాజ్. టెస్ట్‌ట్యూబు ఏం చెప్పబోయింది?

"క్రోమియం ఉందని చెప్పబోయింది కద సార్."

వీడు లా చదవాల్సినవాడు.

నిఘంటువు తీశాను. ఈ సంకటం హార్న్‌బీకి ముందే తెలుసు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అనుభవంతో, మనలాంటి పరాయివాళ్ల కోసమే ఆయన చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1948లో మళ్లీ వేశారు. అలాంటి నిఘంటువుల్లో అర్థం కన్నా ఉదాహరణ వాక్యాలే ముఖ్యం. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో అక్కడే తెలుస్తుంది. మనవాళ్లు అర్థం చూసి పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత మాట రైతుబజారుకు కాసులపేరు వేసుకెళ్లినట్టే ఉంటుంది.

"ఎంతసేపు ఆగావు?"

"పది నిమిషాలు సార్."

"అదే రాయి."

మొహం మాడ్చుకుని వెళ్లాడు. వారానికి కృతజ్ఞతల పేజీ పట్టుకొచ్చాడు. తల్లిదండ్రులకు, హాస్టల్ మెస్సుకు దండాలు పెట్టాక ఒక వాక్యం: ఈ ఏడాదైనా సబ్మిట్ చేయవచ్చా అని గైడును అడిగితే, 'దేర్ వాజ్ ఎ ప్రెగ్నెంట్ పాజ్'.

కామా కూడా కదపలేకపోయాను. గైడు సంతకం పడేదాకా మాత్రం ఆ పేజీ ఎవరికీ చూపించొద్దన్నాను.