నేను, కంపు సంచిని

నేను పుట్టింది ఉల్లిపాయలు మోయడానికి. నారింజ రంగు ప్లాస్టిక్ వల సంచిని. ఉల్లి అయిపోగానే చెత్తలో పడాల్సినదాన్ని, ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో, లూ అనే రేవులో ఓ సొరవేట పడవ పాలబడ్డాను. అప్పటినుంచి నా ఒంటి వాసన సంగతి అడక్కండి.

పొద్దున్నే మాకెరల్ చేపల్ని, అంటే మీ కానాగంతల చుట్టాల్ని, తలా తోకా పేగులతో సహా కచ్చాపచ్చాగా దంచుతారు. కాస్త మురిగినవైతే మరీ మంచిదంటాడు మా సరంగు. అందులో నాలుగు దోసిళ్ళ గోధుమ తవుడు, పైన చేపనూనె. ఈ ముద్ద పేరు రబ్బీ డబ్బీ. వింటే పిల్లల ఆటలా ఉంటుంది గానీ, బకెట్ మూత తీస్తే పెద్దవాళ్ళు కూడా పడవ అంచు పట్టుకుని వంగిపోతారు.

ఒడ్డు కనుమరుగయ్యాక ఇంజను ఆపి, నన్ను నీళ్ళకు తగిలేలా వేలాడదీస్తారు. పడవ ఊగినప్పుడల్లా మునిగి లేస్తాను. ఆ కుదుపుకు కొంచెం కొంచెం రాలుతుంది. నూనె పైన జిడ్డుదారిలా సాగిపోతే, తవుడూ చేపతునకలూ మెల్లగా లోతుకి దిగుతాయి. సన్నగా రాలాలి, పనితనమంతా అక్కడే. తునకలు పెద్దవైతే సొర వాటితోనే కడుపు నింపుకుని గాలం వంక చూడదు. ఆకలి పుట్టించాలి, తీర్చకూడదు. ఇంత పాడు వంట ఇంకెక్కడైనా ఉందా?

మొన్న ఒక సొర గాలాలన్నీ దాటుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. నీలిమందు రంగు వీపు, తెల్లటి పొట్ట, పక్కలకు చాచిన పొడవాటి రెక్కలు. ఆడదే అయివుంటుంది, ఇక్కడికొచ్చే నీలి సొరల్లో చాలావరకు ఆడవే. కంటి మీద తెల్లటి పొర కప్పుకుని ఒక్క కొరుకు కొరికింది. సరంగు నన్ను పైకి లాగేసరికే అరచెయ్యంత చిల్లు.

తప్పు దానిదంటానా? 1953లో బ్రిటన్ సొరగాలం క్లబ్బు పెట్టింది ఈ లూలోనే. ఆ తొలి రోజుల్లో సొరల్ని ఒడ్డుకు తెచ్చి, వేలాడదీసి తూచి, పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. ఆ పాపంలో నా ముందుతరం సంచులకూ వాటా ఉంది. ఇప్పుడు పడవ పక్కనే గాలం ఊడదీసి వదిలేస్తున్నారు. సొరపుట్టు వండుకునే మీకు ఇది తిక్కపనిలా ఉండొచ్చు, నాకు మాత్రం నచ్చింది.

నా చిల్లు నైలాన్ దారంతో కుట్టేశారు. రేపు మళ్ళీ బయల్దేరతాం. మీరెప్పుడైనా మా పడవ ఎక్కితే గాలి వచ్చే వైపు కూర్చోండి. కొత్త చొక్కా మాత్రం వేసుకురాకండి.