నా చరిత్ర నా ఒంటి మీద లేదు

నేనొక ఇత్తడి గుల్లను. ఘటనాస్థలంలో ఖాళీ తూటాలు దొరికాయని పేపర్లో రాస్తారే, ఆ జాతి దాన్ని. పుట్టింది అమెరికాలో, .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటాకు ఒళ్లుగా. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు కలిసిన రేకులోంచి నన్ను గుండ్రటి బిళ్లగా కోశారు. ఆ బిళ్లను గిన్నెలా వంచారు. అచ్చుల్లోంచి సాగదీయడం, మధ్యమధ్య కాల్చి మెత్తబరచడం, మళ్లీ సాగదీయడం, ఇలా నా పొడుగు తేల్చారు. అడుగును గట్టిగా అదిమి, మందును అంటించే ప్రైమర్‌కు ఒక గుంట పెట్టారు, భుజం దించారు, మెడ సన్నం చేశారు. అడుగును అదిమినప్పుడే దాని మీద తయారీదారు పేరు, 308 విన్ అన్న అక్షరాలు గుద్దారు. నా ఒంటి మీద ఉన్న రాత అంతే. ఎన్నిసార్లు పేలాను, ఏ మందుతో పేలాను, ఏ తుపాకీలో పేలాను అన్నది ఎక్కడా రాసి ఉండదు. తళతళా తోమి కొత్తదాని పక్కన నన్ను నిలబెడితే ఏది కొత్తదో ఏది పాతదో చెప్పడం అలవాటున్న కంటికీ కష్టమే. నేను రాసుకుంటున్న ఈ ఆత్మకథకు అసలు కారణం అదే.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. పేలగానే మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది నేనొక్కదాన్నే. అమెరికాలో గురి పోటీలకు వెళ్లేవాళ్లూ వేటగాళ్లూ నన్ను ఏరుకుని ఇంటికి తీసుకెళ్లి, ప్రెస్‌లో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడతారు. దీన్నే రీలోడింగ్ అంటారు. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెరీ అనే చోట 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. దూరపు గురి కొట్టేవాళ్లలో చాలామంది అక్కడికి తమ బల్ల మీద తామే నింపుకున్న తూటాలు తెస్తారు. సొంతానికి నింపుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు, అమ్ముకోవడానికి నింపితేనే అడుగుతుంది. అంటే ఇంట్లో నింపుకునేవాడి పనిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఎవరూ ఉండరు. తనను తాను తనిఖీ చేసుకోవాల్సిందే. తిరిగి నింపిన తూటా ఎంత భద్రమో దాన్ని చూసి తేల్చలేం, దాని లెక్క చూసి తేల్చాలి అన్నది నా వాదన. ఆ లెక్కలో కొన్న సరుకూ, నింపిన వివరమూ, గుల్లల చరిత్రా ఒకే ఖాతాలో ఒకదాన్నొకటి సరిచూసేలా ఉండాలి. ఆ పనికి కంప్యూటర్‌ను మించిన గుమస్తా లేడు.

ముందు నా ఒంటి సంగతే చెబుతాను. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ అనే సంస్థ నా రకానికి పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. పేలినప్పుడు నేను ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుని, వాయువు వెనక్కి తన్నకుండా అడ్డుపడతాను. ఉబ్బినప్పుడల్లా, ప్రెస్‌లో మళ్లీ నొక్కినప్పుడల్లా నా లోహం కొంచెం కొంచెం సాగుతుంది. భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నొక్కేవాడి చేతిలో అది మరీ త్వరగా సాగుతుంది. మందంగా ఉన్న అడుగు పల్చటి గోడగా మారే చోట లోపల్లోపల అరుగుతూ వస్తుంది. కొన్నాళ్లకు అక్కడ బయటివైపు చుట్టూ ఒక సన్నని మెరుపు గీత కనిపిస్తుంది. పేపర్ క్లిప్పును సాగదీసి, కొస కొంచెం వంచి, నా మెడలోంచి లోపలికి దింపి గోడ వెంట పైకి లాగితే ఆ చోట కొస గాడిలో తట్టుకుంటుంది. తట్టుకుందంటే నా పని అయిపోయినట్టే. మళ్లీ నింపి పేలిస్తే తల ఒకటి మొండెం ఒకటిగా విడిపోవచ్చు, వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు. మెడ చీలడం ఇంకో రకం చావు, దానికి ముందస్తు గుర్తు పెద్దగా ఉండదు. ప్రైమర్ గుంట వదులవడం మూడోది. వీటిలో ఏదైనా ఒక గుల్లలో కనిపించినప్పుడు అసలు ప్రశ్న మిగతావాటి గురించి. యాభై గుల్లలు ఒకే పెట్టెలో కొని, ఒకే తుపాకీలో ఒకేలా తిరిగాయని ఖాతాలో ఉంటే ఒకదాని మెడ చీలిక నలభై తొమ్మిదింటి గురించి హెచ్చరిక అవుతుంది. కలగలిసిన డబ్బాలోంచి తీసిన గుల్ల చీలితే దాని చావు దాంతోనే పోతుంది, మిగతావాటి గురించి ఏమీ తెలియదు.

కలగలపడంలో ఇంకో ప్రమాదం ఉంది. మిస్సోరి రాష్ట్రంలోని లేక్ సిటీ కర్మాగారం సైన్యం కోసం నా కొలతలకు దగ్గరగానే 7.62 నాటో గుల్లలు చేస్తుంది. వాటి అడుగున ఎల్‌సి అన్న అక్షరాలూ, సంవత్సరానికి రెండంకెలూ ఉంటాయి. వాటి గోడలు సాధారణంగా నాకంటే మందం, అందుకే లోపల చోటు తక్కువ. నాలో సరిపోయిన మందే వాటిలో పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. మందు విషయంలోనూ అంతే. ఒకే పేరున్న మందులో లాట్, అంటే తయారీ విడత, మారితే మండే వేగం కొద్దిగా మారుతుంది, అందుకే కొత్త డబ్బా తెరిచినప్పుడు తగ్గించి మొదలుపెట్టమని నింపేవాళ్ల మాన్యువల్స్ చెబుతాయి. ఐఎంఆర్ 4007 ఎస్‌ఎస్‌సి అనే మందులో కొన్ని లాట్లు చెడిపోయే ప్రమాదం ఉందని తయారీదారే వెనక్కి పిలిచిన సందర్భం ఉంది. అలాంటి పిలుపు లాట్ నంబర్ల మీదే వస్తుంది. డబ్బా ఖాళీ చేసి పారేసినవాడి దగ్గర ఆ నంబర్ ఖాతాలో లేకపోతే, బీరువాలో ఉన్న తూటాల్లో ఏవి పక్కన పెట్టాలో ఎలా తెలుస్తుంది?

సరుకు లెక్కను చాలామంది ఖర్చు లెక్క అనుకుంటారు. ఎంత కొన్నాం, తూటాకు ఎన్ని సెంట్లు పడింది అని చూసుకుని వదిలేస్తారు. దాని అసలు విలువ భద్రతలో ఉందంటాను. పౌనుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు 40 గ్రెయిన్లు పడుతుందనుకుందాం. ఇది కూడిక తీసివేతల కోసం తీసుకున్న అంకె, ఎవరూ దీన్ని చూసి నింపకూడదు. ఆ లెక్కన పౌను డబ్బాకు 175 తూటాలు వస్తాయి. యాభై నింపాక డబ్బా 2,000 గ్రెయిన్లు తగ్గి ఉండాలి. 2,100 తగ్గితే ఒక్కో తూటాలో సగటున 42 పడి ఉండాలి, లేదంటే ఎక్కడో మందు ఒలికి ఉండాలి. రెంటిలో ఏదైనా సరే, డబ్బా మూత పెట్టే ముందే తెలియాల్సిన విషయం. ఆ నూరు గ్రెయిన్ల తేడా దాదాపు ఆరున్నర గ్రాములు, వంటింటి డిజిటల్ త్రాసు కూడా దాన్ని పట్టేస్తుంది. ప్రైమర్లు నూరేసి అరల పెట్టెల్లో వస్తాయి. యాభై గుల్లలకు యాభై ప్రైమర్లు ఖర్చు కావాలి, గుండ్లు యాభై తగ్గాలి. కొట్టు గుమస్తా రాత్రి గల్లా పెట్టెను చిట్టాతో సరిచూసి గాని తాళం వేయనట్టు, నింపేవాడు సరుకును ఖాతాతో సరిచూసి గాని బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. దీనికీ ఒక హద్దుంది. ఒక గుల్లలో రెండింతలు పడి, పక్కదాంట్లో అసలు పడకపోతే మొత్తం సరిగ్గానే తేలుతుంది. పిస్టల్ తూటాల్లో వాడే కొన్ని మందులు ఎంత తక్కువ పడతాయంటే, రెండింతలు పోసినా గుల్లలో ఇమిడిపోతాయి. కాబట్టి గుండు పెట్టే ముందు ప్రతి గుల్లలోకీ దీపం వేసి చూడడం మానకూడదు. ఖాతా కంటికి తోడు మాత్రమే.

నిల్వ లెక్క ఉంచడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. అమెరికాలో చాలా ఊళ్ల అగ్నిమాపక నిబంధనలకు ఆధారమైన ఎన్‌ఎఫ్‌పీఏ 495 అనే ప్రమాణం ప్రకారం, తూటాల్లో వాడే ఈ పొగరాని మందును ఇంట్లో 20 పౌన్ల దాకా అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటి 50 పౌన్ల వరకైతే కనీసం అంగుళం మందమున్న చెక్కపెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు పదివేలు మించకూడదు. 2020 తర్వాత వచ్చిన కొరతలో ప్రైమర్లు అంగళ్లలో కనిపించడమే గగనమైంది, కనిపించినప్పుడు జనం చేతికందినంత కొన్నారు. తెచ్చిన సరుకు మూడు అరల్లో, గ్యారేజీలో, మెట్ల కింద సర్దినవాడు హద్దు దాటాడో లేదో నోటి లెక్కతో చెప్పలేడు. కొరతలో ఏ బ్రాండు దొరికితే ఆ బ్రాండు ప్రైమర్ వాడటం ఇంకో సమస్య తెచ్చింది. ప్రైమర్ మారితే ఒత్తిడి మారవచ్చు, అందుకే మార్చినప్పుడు అదొక కొత్త నింపుడుగా ఖాతాలో విడి వరుస కావాలి.

ఇక అభ్యంతరాలు. నోటుపుస్తకం చాలదా అనేది మొదటిది. చక్కటి దస్తూరితో ఏళ్ల తరబడి రాసిన పుస్తకాలను నేను తక్కువ చేయను. కరెంటు పోయినా అవి తెరుచుకుంటాయి. కానీ పుస్తకం తేదీ వరుసలో నడుస్తుంది. ఫలానా లాట్ మందు ఏయే తూటాల్లో పడింది, ఫలానా పెట్టె గుల్లలు ఎన్నోసారి తిరుగుతున్నాయి అన్నది తేదీకి అడ్డంగా వెతకాల్సిన ప్రశ్న. స్ప్రెడ్‌షీట్‌లో అది ఒక్క వడపోతతో తేలుతుంది, పుస్తకంలో తేలాలంటే పేజీలన్నీ తిప్పాలి. ఆపద వేళ ఎవరూ అన్ని పేజీలు తిప్పరు. రెండోది, చెయ్యి తిరిగినవాడికి ఇవన్నీ దేనికి అన్న మాట. ప్రైమర్ కూర్చేటప్పుడు వేలికి తగిలే బిగువుతోనే గుంట వదులైందని గ్రహించేవాళ్లున్నారు, నిజం. ఆ చెయ్యి ఇప్పటి స్థితిని చెబుతుంది. మొన్నటి లాట్‌ను, నిరుటి గుల్లల పెట్టెను గుర్తుపెట్టుకోవడం వేళ్ల పని కాదు.

మూడో అభ్యంతరం నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది. సాఫ్ట్‌వేరే తప్పులు పుట్టిస్తుంది. ఐఎంఆర్ 4350, హెచ్ 4350, ఆక్యురేట్ 4350 అనేవి మూడు వేర్వేరు మందులు, జాబితాలో మాత్రం ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వేలు ఒక గీత కిందికి జారితే ఖాతా నమ్మకంగా అబద్ధం చెబుతుంది. ఒక గడిలో గ్రాములు, పక్క గడిలో గ్రెయిన్లు పడితే పదిహేను రెట్ల తేడా. క్విక్‌లోడ్ లాంటి ప్రోగ్రాములు ఒత్తిడిని లెక్కగట్టి చూపిస్తాయి. ఆ అంచనాను, కొలిచి రాసిన నిజాన్ని ఒకే వరుసలో కలిపేసేవాళ్లున్నారు. ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను, ఒప్పుకుని జవాబు చెబుతాను. మందు పేరు జాబితాలోంచి ఎంచుకోకుండా, బల్ల మీదున్న డబ్బా చూసి లాట్ నంబర్‌తో సహా కొట్టాలి. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. మాన్యువల్‌లో ఉన్నదీ, ప్రోగ్రామ్ ఊహించినదీ, త్రాసు చూపినదీ, క్రోనోగ్రాఫ్ కొలిచిన గుండు వేగమూ వేర్వేరు గడుల్లో ఉండాలి. వేగం సగటు ఒక్కటే దాచుకుంటే చాలదు, ఒక్కో గుండు వేగమూ ఉంచాలి. ఒకటి మిగతావాటి కంటే బాగా ఎక్కువగా పోయిందన్న వార్త సగటులో మునిగిపోతుంది. నింపిన పెట్టె మీద కాగితం చీటీ అంటించి, ఖాతాలోని వరుస సంఖ్య దాని మీద రాయాలి. ఆ చీటీ లేకపోతే ఎంత గొప్ప యాప్ అయినా తన తూటాలను తాను గుర్తుపట్టలేదు.

నాలుగోది భయానికి సంబంధించింది. రాసిపెడితే ప్రభుత్వం చేతికి చిక్కుతుందని కొందరు లెక్కే ఉంచరు. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 1968 నాటి చట్టం తూటాలు కొన్నవాళ్ల వివరాలు దుకాణాల్లో రాయించింది, 1986లో చట్టం సవరించి సాధారణ తూటాలకు దాన్ని ఎత్తేశారు. ఎవరి గోప్యత వారిదని నేనూ అంటాను. అందుకు మార్గం లెక్క మానేయడం మాత్రం కాదు. వేరేవాళ్ల సర్వర్‌లో ఖాతా పెట్టకుండా సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు, నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. ఏ ప్రోగ్రామ్ వాడినా సమాచారం సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి. కంపెనీ మూతపడితే చరిత్ర కూడా మూతపడే యాప్ నాకు పనికిరాదు.

తెలుగు పాఠకులకు రెండు మాటలు. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో దీన్ని ప్రయత్నించే మాటే లేదు. అమెరికాలో ఉన్నవాళ్లూ తొందరపడొద్దు. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి తమకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోవాలి.

చట్టం అనుమతించే చోట నింపుకునేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను. ఎన్నిసార్లు తిరిగిందో తెలియని గుల్ల రేంజ్‌లో ఎంత మెరుస్తూ దొరికినా నింపకండి. దాని నోరు ప్లయర్‌తో నొక్కేసి తుక్కు ఇత్తడిలో వేయండి. తీసేసిన గుల్ల మీ పెట్టెలోదే అయితే, ఖాతాలో ఆ పెట్టె సంఖ్యలోంచి ఒకటి తగ్గించి, ఎందుకు తీసేశారో పక్కన రాయండి.